రాజోలులో ‘ల’ పోయింది

అమలాపురంలో ఒక నిలువు గీత ఉంది. కొత్తపేటలోనూ ఒకటుంది. రాజోలులో ఉన్నది వెనక్కి వాలిన గీత. రోడ్ల సంగతి కాదు, అక్షరాల సంగతి. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగుని మామూలు ఇంగ్లీషు ఫాంటులోకి మార్చి చూసినవాళ్ళకి నేనేం చెప్తున్నానో ఈపాటికి అర్థమై ఉంటుంది. తెర నిండా పిచ్చి గుర్తులు. వాటిలో కాస్త ఓపిగ్గా వెతికితే అమలాపురంలోని ‘పు’ మొదట్లో | కనిపిస్తుంది. కొత్తపేటలోని ‘పే’లోనూ అదే. రాజోలులో ‘ల’ ఉండాల్సిన చోట \ ఉంటుంది. ‘డ’ మొదట్లో &, ‘వి’కి $. ‘గ’ కుడివైపు చూసే కోణపు గుర్తుతో మొదలవుతుంది, ‘ద’ ఎడమవైపు చూసేదానితో. గోదావరిలో ఆ రెండూ ఉన్నాయి.

యూనిక్స్, లినక్స్ మీద పనిచేసేవాళ్ళకి ఈ పట్టీ చూస్తే నవ్వొస్తుంది, కాస్త గుండె కూడా గుభేలుమంటుంది. ఈ గుర్తులన్నీ వాళ్ళు రోజూ వాడేవే. షెల్ అనే ప్రోగ్రాముకి ఇవి అక్షరాలు కావు, ఆజ్ఞలు. నిలువు గీత కనిపిస్తే, ఎడమపక్క ప్రోగ్రాము ఇచ్చినదాన్ని కుడిపక్క ప్రోగ్రాములోకి పంపమని అర్థం. కుడికోణం అంటే ఫలితాన్ని ఒక ఫైల్లో రాయమని, ఎడమకోణం అంటే ఫైల్లోంచి చదవమని. & అంటే ఈ పనిని వెనకాల నడవనిచ్చి తర్వాతదానికి వెళ్ళమని. $ అంటే దాని వెనకున్న పేరు తీసేసి ఆ పేరుకున్న విలువ పెట్టమని. వెనక్కి వాలిన గీత మాత్రం కొంచెం వింత మనిషి. తన పక్కనున్న అక్షరానికి ప్రత్యేకమైన అర్థమేదైనా ఉంటే తీసేసి, తనూ మాయమైపోతుంది.

అచ్చులో అందమైన తెలుగుగా కనిపించేది, షెల్ చేతిలో పడితే పనుల జాబితా అవుతుందన్నమాట. ఒక ప్రోగ్రాము తన పని మధ్యలో ఆగి, ‘ఇదిగో, ఈ వాక్యం తీసుకెళ్ళి నువ్వు నడిపించు’ అని షెల్‌కి అప్పజెప్పే పద్ధతికి అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రని నేను అమెరికా వైపునుంచి కాకుండా గడియారస్తంభం సెంటర్ వైపునుంచి చదవడం మొదలుపెట్టాను. కారణం మా బాబాయ్.

అమలాపురంలో చాలా ఏళ్ళు డీటీపీ షాపు నడిపాడాయన. శుభలేఖలు, దినకర్మ కార్డులు, తీర్థాల కరపత్రాలు, హైస్కూలు వార్షికోత్సవ సంచికలు, సొంత డబ్బుతో అచ్చేయించుకునే రిటైర్డ్ మాస్టార్ల శతకాలు. షాపు మూసేశాక ఒక అట్టపెట్టె నిండా సీడీలు నా చేతికొచ్చాయి. ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌లో, అక్షరాలన్నీ అనులో. యూనికోడ్‌లోకి మార్చకపోతే వాటిని వెతకడానికి వీల్లేదు, చదవడానికి ఆ ఫాంటున్న యంత్రమే కావాలి. ఒకాయన శతకంలో ఏ పద్యం ఎక్కడుందో చూడాలన్నా అంతే.

“నా సిస్టంలో బానే ఉండేది కదరా. నీ దాంట్లోనే ఏదో తేడా చేసింది” అన్నాడు బాబాయ్, నా లాప్‌టాప్ తెర చూసి.

ఆయనన్నది నిజమే. తేడా యంత్రంలో లేదు, ఎవరు చదువుతున్నారన్న దాంట్లో ఉంది.

మార్చే పనికి ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన పాత స్క్రిప్టు ఒకటి దొరికింది. అది ఫైల్లోంచి ఒక్కో వరుసా తీసుకుని, ‘మార్చే ప్రోగ్రాము’ అన్న కమాండు వెనకాల ఆ వరుసని అతికించి, మొత్తాన్ని ఒకే వాక్యంగా షెల్‌కి ఇస్తుంది. ఇలాంటి స్క్రిప్టులు లోకంలో కోకొల్లలు. దీన్ని నడిపే ముందు విడిగా కొన్ని ఊళ్ళ పేర్లతో ఒక ఆట ఆడి చూశాను. ‘ఎకో’ అని ఒక కమాండుంది, ఇచ్చిన మాటని తిరిగి చెప్పడం తప్ప ఇంకేం చెయ్యదు. దానికి అను అక్షరాల్లో అమలాపురం ఇచ్చాను. షెల్ ఆ మాటని నిలువు గీత దగ్గర రెండుగా కోసింది. ‘అమలా’ని ‘పురం’ అనే ప్రోగ్రాములోకి పంపబోయి, అలాంటి కమాండు ఏదీ లేదంది. కొత్తపేటనీ అలాగే కోసి, ‘ట’ అనే కమాండు లేదంది. గోదావరి ఇస్తే, ముందు ‘గో’లో మిగిలిన ముక్క పేరుతో ఒక ఖాళీ ఫైలు సృష్టించింది. తర్వాత ‘దావరి’లో మిగిలిన ముక్క పేరుతో ఒక ఫైలు కోసం వెతికి, లేదని విసుక్కుంది. ఖాళీ ఫైలు మాత్రం డిస్కు మీద అలాగే ఉండిపోయింది.

రాజోలు దగ్గర షెల్ ఏమీ అనలేదు. తప్పు లేదు, హెచ్చరిక లేదు. ‘ల’ని తీసేసి, ఆ ‘లు’కున్న కొమ్ముని మాత్రం వదిలేసి, మిగిలిన మాట బుద్ధిగా తిరిగిచ్చింది. నన్ను భయపెట్టింది ఇదే. అమలాపురం విరిగితే తెలుస్తుంది. రాజోలు విరిగినట్టు తెలియదు. ఆ స్క్రిప్టుతో వెయ్యి పేజీలు మార్చి ఉంటే, అందులో ప్రతి ‘ల’, ప్రతి ‘లు’ పోయేవి. తెలుగులో బహువచనమంతా ‘లు’ మీదే నిలబడి ఉంది కదా. ‘వివాహములు’, ‘ఆహ్వానములు’, ‘శుభాకాంక్షలు’ అన్నీ కాళ్ళు విరిగిన మాటలయ్యేవి.

జంట కొటేషన్లలో పెడితే సరిపోతుంది కదా అంటారు తెలిసినవాళ్ళు. అదీ చేశాను. రాజోలు బతికింది. ‘విన్నపం’ చచ్చింది. అనులో ‘వి’ అంటే డాలరు గుర్తు, ‘న’ అంటే ఇంగ్లీషు చిన్న ‘క్యూ’ అక్షరం. జంట కొటేషన్ల లోపల కూడా డాలరుకి తన అధికారం ఉంటుంది. క్యూ అనే పేరుకి విలువేమిటో వెతికి, ఏమీ లేదు కాబట్టి, ఆ చోట ఏమీ పెట్టలేదు షెల్. ‘విన’ పోయి కింద న-వత్తు, పక్కన ‘పం’ మిగిలాయి. వినాయకుడి పరిస్థితీ ఇంతే, తొండం కాదు గానీ మొదటక్షరం పోతుంది. ఒంటి కొటేషన్లయితే ఆగుతుంది, ఆ వరుసలోనే ఇంకో ఒంటి కొటేషను రానంతవరకు.

తెలుగు మాట్లాడేవాళ్ళకి ఈ చిక్కు కొత్తగా అనిపించకూడదు. మన భాషలో ఒకరి మాటని ఇంకొకరికి చేరవెయ్యాలంటే ‘అని’ ఉండాలి. “రేపు రా అని చెప్పు” అంటే, చెప్పడం నీ పని, రావడం నీ పని కాదు. ఆ ‘అని’ తీసేస్తే “రేపు రా, చెప్పు” అవుతుంది. ఎవరు రావాలో, ఎవరు చెప్పాలో తారుమారు. షెల్‌కి కొటేషను గుర్తే ‘అని’. అది లేకపోతే, మోసుకెళ్ళాల్సిన మాటకీ చెయ్యాల్సిన పనికీ తేడా తెలియని పరమానందయ్య శిష్యుడు అది. (ఫాంటు పేరు ‘అను’, అది లేనిచోట కావలసింది ‘అని’. ఇది నేను కల్పించింది కాదు, ఉన్నదే అంత.)

చరిత్రలోకి వెళ్తే, ‘షెల్’ అన్న మాటని ఈ అర్థంలో మొదట వాడినవాడు లూయీ పూజాఁ అనే ఫ్రెంచివాడు. 1963లో పారిస్ నుంచి ఎమ్ఐటీకి వచ్చి, అక్కడ ఒకే యంత్రాన్ని ఒకేసారి చాలామంది వాడుకునేలా చేసిన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ మీద పనిచేశాడు. రోజూ అవే కమాండ్లు వరసగా టైపు చెయ్యడం ఆయనకి విసుగనిపించింది. కమాండ్లని ఒక ఫైల్లో రాసిపెట్టి, ఆ ఫైలు పేరు చెప్తే అవన్నీ వరసగా నడిచేలా ‘రన్‌కామ్’ అనే ప్రోగ్రాము రాశాడు. లినక్స్‌లో ఇప్పటికీ చాలా సెట్టింగుల ఫైళ్ళ పేర్లు ‘ఆర్‌సీ’ అని ముగియడానికి కారణం ఆ రన్‌కామే. అక్కణ్ణుంచి ఆయన ఇంకో అడుగు వేశాడు. ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ని పిలిచినట్టే మొత్తం కమాండునే ఎందుకు పిలవకూడదు? కమాండ్లని ఇటుకల్లా పేర్చుకుంటూ పోవచ్చు కదా? ఆ పేర్చే పనిముట్టుకి షెల్ అని పేరు పెట్టి, తర్వాత రాబోతున్న మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం దాని గురించి రాసిపెట్టి, 1965లో ఫ్రాన్సుకి తిరిగి వెళ్ళిపోయాడు. దాన్ని నిజంగా నడిచే ప్రోగ్రాముగా రాసినవాళ్ళలో ముఖ్యురాలు గ్లెండా ష్రోడర్ అనే ఆవిడ. షెల్ చరిత్ర చెప్పేవాళ్ళు ఆవిడ పేరు ఎప్పుడూ ఒక వాక్యంతో దాటేస్తారు. నేనూ అంతకంటే ఎక్కువ చెప్పలేకపోతున్నాను.

మల్టిక్స్ నుంచి బెల్ ల్యాబ్స్ తప్పుకున్నాక 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వాళ్ళు యూనిక్స్ మొదలుపెట్టారు. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముని నడిపించడానికి వాళ్ళు రెండు చిన్న పనిముట్లు పెట్టారు. మొదటిది ఫోర్క్. నడుస్తున్న ప్రోగ్రాము తనలాంటిదే ఇంకోదాన్ని పుట్టిస్తుంది. పీడీపీ-7 అనే ఆ మొదటి యంత్రం మీద ఫోర్క్ రాయడానికి సరిగ్గా 27 వరుసలు పట్టిందని రిచీ తర్వాత రాశాడు. రెండోది ఎగ్జెక్. పుట్టిన పిల్ల తన ఒళ్ళు వదిలేసి ఇంకో ప్రోగ్రాము ఒంట్లోకి ప్రవేశిస్తుంది. పరకాయ ప్రవేశమే. ఈ ఎగ్జెక్‌కి ప్రోగ్రాము పేరు ఒకచోట, దానికి అందించాల్సిన మాటలు విడివిడిగా ఇంకోచోట ఇవ్వాలి. మొదటి మాట, రెండో మాట, మూడో మాట, ఒక్కొక్కటీ తన గదిలో తను. ఆ గదుల్లో నిలువు గీతలున్నా, డాలర్లున్నా ఎవరూ పట్టించుకోరు. అమలాపురం అమలాపురంగానే వెళ్తుంది.

అంటే, మందు రోగం కంటే ముందే ఉంది.

రోగం సౌకర్యంగా వచ్చింది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో స్టీవ్ బోర్న్ రాసిన కొత్త షెల్ ఉంది. అదే ఎడిషన్ మాన్యువల్‌లో ‘సిస్టం’, ‘పీ-ఓపెన్’ అనే రెండు ఫంక్షన్లూ ఉన్నాయి. సిస్టం చేసే పని చాలా చిన్నది. నువ్వొక వాక్యం ఇస్తావు. అది ఫోర్క్ చేసి, ఎగ్జెక్‌తో షెల్‌ని లేపి, ఆ వాక్యాన్ని దాని చేతిలో పెట్టి, పని పూర్తయ్యేదాకా కూర్చుంటుంది. పీ-ఓపెన్ అయితే ఆ షెల్‌కీ మన ప్రోగ్రాముకీ మధ్య ఒక పైపు కూడా వేస్తుంది. గదులూ లేవు, గోడలూ లేవు, అంతా ఒకే వాక్యం. సీ భాషలో ఫోర్క్, ఎగ్జెక్‌లతో పది పదిహేను వరుసలు రాయాల్సిన చోట ఒక్క వరుస చాలు. ఎవరు మాత్రం ఆ పది వరుసలు రాస్తారు? తర్వాత వచ్చిన పెర్ల్, పీహెచ్‌పీ, రూబీ, పైథాన్ అన్నీ ఈ ఒక్క వరుసని వారసత్వంగా పుచ్చుకున్నాయి. కొన్నిటిలో ఫంక్షన్ పేరు కూడా అక్కర్లేదు, వాక్యాన్ని రెండు వెనక్కొత్తుల మధ్య పెడితే చాలు.

నిలువు గీత సంగతి వేరే చెప్పాలి, మన ప్రాంతానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి. దాని వెనకున్న మనిషి డగ్ మెకిల్‌రాయ్. 1964లోనే ఒక చిన్న కాగితం మీద, తోటకి నీళ్ళు పెట్టే గొట్టాల్లాగా ప్రోగ్రాముల్ని ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని రాసుకున్నాడు. యూనిక్స్‌లో అది నిజంగా వచ్చింది 1973లో. అప్పటిదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు, థాంప్సన్ వాయిదా వేస్తూనే ఉన్నాడు. చివరికి పైపులు వచ్చాక, అంతకుముందు రాసిన ప్రోగ్రాములన్నిటినీ పైపుల్లో ఇమిడేలా తిరగరాశారు.

గొట్టాల్ని బిగించడమంటే నాకు పి. గన్నవరం అక్విడెక్టు గుర్తొస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు కోనసీమ కాలువల్లోకి వచ్చాక, వైనతేయ పాయకి అవతల ఉన్న నగరం లంకకి ఎలా వెళ్ళాలన్నది ప్రశ్న. నదిలో కలిపేస్తే సముద్రంలోకి పోతాయి. కాటన్ మనుషులు 1850ల్లో నది మీద 49 ఆర్చీల వంతెన కట్టి, దాని మీద మనుషులతో పాటు కాలువని నడిపించారు. పాతదాని పక్కనే ఇప్పుడు కొత్తది ఉంది. దాని మీద నుంచుంటే కింద నది దాని దారిన అది పోతుంటుంది, పైన కాలువ దాని దారిన అది. వరద రోజుల్లో కింద ఎర్రటి గోదావరి ఉరుకుతుంటుంది, ఆ బురద చుక్క కాలువలో పడదు. ఎగ్జెక్ అలాంటిది, ఆజ్ఞ ఒక మట్టంలో, సరుకు ఇంకో మట్టంలో. సిస్టం అంటే, వంతెన ఎందుకు దండగ, కాలువని నదిలోకి వదిలి అవతలి ఒడ్డున మళ్ళీ పట్టుకుందాం అనడం. ఎక్కువసార్లు పట్టుకోవచ్చు కూడా, వరద రానంతవరకు.

వరద 1988 నవంబరు 2న వచ్చింది. కోర్నెల్‌లో చదువుకుంటున్న రాబర్ట్ మోరిస్ వదిలిన పురుగు అప్పటి ఇంటర్నెట్‌ని ముంచేసింది. అది లోపలికి వెళ్ళిన దారుల్లో ఒకటి సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల ప్రోగ్రాము. డీబగ్ పద్ధతిలో నడుస్తున్న సెండ్‌మెయిల్, ఉత్తరం ఎవరికి వెళ్ళాలో రాసే చోట మనిషి పేరు బదులు ఒక నిలువు గీత, దాని వెనక ఒక కమాండు రాస్తే, ఉత్తరాన్ని ఆ కమాండుకి అందించేది. చిరునామా రాయాల్సిన చోట పని రాశారు, తపాలా బంట్రోతు ఉత్తరం ఇవ్వడం మానేసి ఆ పని చేసేశాడు.

వెబ్ వచ్చిన మొదటి రోజుల్లో సర్వర్లతో పాటు ఉచితంగా కొన్ని ఉదాహరణ ప్రోగ్రాములు వచ్చేవి. వాటిలో పీహెచ్ఎఫ్ అని ఫోన్‌బుక్ వెతికేది ఒకటి. మీరు పెట్టెలో ఒక పేరు రాస్తే అది ఆ పేరుని షెల్ వాక్యంలో అతికించి వెతికేది. రాసినవాళ్ళు అమాయకులేం కాదు. ప్రమాదకరమైన గుర్తులన్నిటి ముందూ వెనకవాలు గీత పెట్టే ఫంక్షన్ ఒకటి రాశారు. ఆ పట్టీలో ఒక్కటి మర్చిపోయారు, కొత్త వరుస మొదలుపెట్టే గుర్తు. షెల్‌కి కొత్త వరుస అంటే కొత్త ఆజ్ఞ. 1996 నాటికి ప్రపంచంలో ఎవడైనా బ్రౌజర్ పెట్టెలో ఒక పేరు, ఒక కొత్త వరుస, ఒక కమాండు రాసి, అవతలి యంత్రంలోని పాస్‌వర్డ్ ఫైలు చదువుకునే పరిస్థితి వచ్చింది. గుర్తుల పట్టీ రాసుకుని ఒక్కొక్కదానికీ తాళం వేసే పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది ఈ కథ చదివాకే. పట్టీ ఎంత పొడుగున్నా, దానికి బయట ఇంకోటి ఉంటుంది.

ఇక మన వైపుకి వస్తే, ఇంతకీ అను వాళ్ళు ‘ప’ని తీసుకెళ్ళి నిలువు గీత ఇంట్లో ఎందుకు కాపురం పెట్టారు? తప్పు పట్టడానికి లేదు. ఆ రోజుల్లో ఒక ఫాంటుకి దొరికేవి మహా అయితే రెండువందల చిల్లర గదులు. తెలుగు అచ్చుకి అచ్చులు, హల్లులు మాత్రమే కాదు, తలకట్టున్న రూపం, లేని రూపం, గుణింతపు గుర్తుల్లో రకాలు, వత్తులు, ఒక్కో వత్తు ఎక్కడ కూర్చోవాలన్న దాన్నిబట్టి దాని కొలతలు, ఇవన్నీ కావాలి. ఇంగ్లీషు అక్షరాల గదులు, విరామ చిహ్నాల గదులు అన్నీ ఆక్రమించక తప్పలేదు. పైగా ఫాంటు తయారుచేసేవాళ్ళకి కావలసింది అక్షరం కాదు, ఆకారం. అను లెక్కలో ‘మ’ అంటే ‘వ’ పక్కన ఒక కొమ్ము. కాగితం మీద అది ‘మ’గా కనిపిస్తే చాలు, అంతకంటే దాన్ని ఇంకెవరైనా చదువుతారని ఎవరనుకున్నారు? మా బాబాయ్ లాంటివాళ్ళు వందలమంది ఆ ఆకారాల్ని కీబోర్డు మీద వేళ్ళతో కంఠతా పట్టి, రెండు దశాబ్దాల తెలుగు అచ్చుని మోశారు. జిల్లా పత్రికలు, సాహిత్య సంఘాల సంచికలు, కవితా సంపుటాలు చాలావరకు అలా వచ్చినవే.

ప్రభుత్వం వైపునుంచి 1991లో ప్రమాణంగా వచ్చిన ఇస్కీ ఇంకోలా ఆలోచించింది. ఇంగ్లీషు వాళ్ళ 128 గదుల జోలికి పోకుండా పైన మిగిలిన సగంలో భారతీయ అక్షరాల్ని సర్దింది. ఆకారం కాదు, అక్షరమే దాచుకుంది. అదే ఏడాది వచ్చిన మొదటి యూనికోడ్‌లో తెలుగు గదుల అమరిక ఇస్కీ వరసనే పట్టుకుని వచ్చింది. అమెరికాలో రైస్ యూనివర్సిటీ దగ్గర కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసిన ఆర్‌టీఎస్ మూడో దారి. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాయడం. నెట్‌లో తెలుగు సాహిత్యం మొదట పుట్టింది ఆ లిపిలోనే. అందులోనూ షెల్‌తో చిన్న చిన్న చుట్టరికాలు లేకపోలేదు. ‘ఞ’కి వాడే అలగీత షెల్‌కి ఇంటి గుర్తు. ఆ పద్ధతినే పాటించే లేఖినిలో మధ్యలో ఇంగ్లీషు రాయాలంటే పెట్టే #, పదం మొదట్లో కనిపిస్తే షెల్ అక్కణ్ణుంచి వరుస చివరిదాకా చదవడం మానేస్తుంది. అయినా అనుతో పోలిస్తే ఇవి ఇరుగుపొరుగు తగాదాలే.

తెలుగుకి షెల్ బెడద నిజంగా వదిలించినవాడు మళ్ళీ కెన్ థాంప్సనే. ఆయనకి తెలుగు తెలిసి ఉండే అవకాశం లేదు. 1992 సెప్టెంబరులో ఒక రాత్రి న్యూజెర్సీలోని ఒక హోటల్లో రాబ్ పైక్‌తో భోజనానికి కూర్చుని, బల్ల మీద పరిచిన కాగితం మీద యూటీఎఫ్-8 గీశాడు. ప్రపంచంలోని అక్షరాలన్నిటినీ బైట్లుగా రాసే పద్ధతి. అందులో ఒక నియమం ఉంది. ఇంగ్లీషు గుర్తులకున్న 128 విలువలు ఇంకే భాష అక్షరం లోపలా ముక్కగా కూడా కనిపించకూడదు. యూనిక్స్‌లో ఫైలు దారి చూపించే వాలుగీత ఏ చైనా అక్షరం మధ్యలోనో పొరపాటున కనిపించి గందరగోళం చెయ్యకూడదన్నది అప్పటి బాధ. దాని ఫలితంగా, యూనికోడ్‌లోని తెలుగు అక్షరం ఒక్కోటి మూడేసి బైట్లు తీసుకుంటుంది, ఆ మూడూ పై సగంలోవే. ఒక్క నిలువు గీత లేదు, ఒక్క డాలరు లేదు. ఈ వాక్యంలో అమలాపురం అని రాసి షెల్‌కి ఇచ్చినా అది నోరు మూసుకుని అమలాపురం అనే అంటుంది. మూడు రెట్లు చోటు తీసుకుంటుందని యూటీఎఫ్-8ని తిట్టిన తెలుగువాళ్ళు అప్పట్లో ఉన్నారు. ఆ రెండు అదనపు బైట్లు మన అక్విడెక్టు ఆర్చీలు.

పాత ఫాంట్ల తెలుగుని యూనికోడ్‌లోకి మార్చడానికి నాగార్జున వెన్న రాసిన ‘పద్మ’ లాంటి పనిముట్లు వచ్చి చాలాకాలమైంది. మార్చే విద్య తెలియక కాదు. ఆ విద్య దగ్గరికి సరుకుని ఏ దారిన తీసుకెళ్తున్నామన్నదే అసలు సంగతి. పాత స్క్రిప్టులో నేను మార్చింది ఒక్క చోటే. వరుసని వాక్యంలో అతికించడం తీసేసి, పైథాన్‌లో 2004 నుంచి ఉన్న సబ్‌ప్రాసెస్‌తో, ప్రోగ్రాము పేరు ఒక గదిలో, తెలుగు వరుస ఇంకో గదిలో పెట్టి ఇచ్చాను. అది షెల్‌ని అసలు లేపదు, నేరుగా ఎగ్జెక్ దగ్గరికి వెళ్తుంది. రాజోలు రాజోలుగా వచ్చింది. శతకం కూడా వచ్చింది. నాలుగో సీడీలో ఉన్న ఒక తీర్థం కరపత్రంలో, చందాలిచ్చినవాళ్ళ పట్టీలో మా తాతయ్య పేరు, పక్కన పదకొండు రూపాయలు.

ఇదంతా పాతకాలం గొడవ అనుకోవడానికి లేదు. 2014 సెప్టెంబరులో స్టెఫాన్ షాజెలా బయటపెట్టిన షెల్‌షాక్ అనే లోపం, 1989 నుంచి, అంటే బ్యాష్ పుట్టిన కొత్తలోంచి, ఆ షెల్‌లో నిద్రపోతూనే ఉంది. ప్రోగ్రాములు షెల్‌ని లేపేటప్పుడు కొన్ని విలువల్ని మూటగట్టి పక్కన పెడతాయి. ఆ విలువ ఒక రకమైన అక్షరాలతో మొదలైతే బ్యాష్ దాన్ని విలువగా చూడ్డం మానేసి, వెనకాల ఏముంటే దాన్ని నడిపించేసేది. వాక్యం జాగ్రత్తగా రాసుకున్నవాళ్ళు కూడా దెబ్బతిన్నారు, ఎందుకంటే వాళ్ళు వాక్యానికి కాపలా కాశారు, మూటకి కాదు. 2024 ఏప్రిల్లో విండోస్‌లో ఇంకోటి బయటపడింది. అక్కడ ప్రోగ్రాముకి గదులు లేనే లేవు, అందేది ఒకే పొడుగాటి వాక్యం. రస్ట్, నోడ్ లాంటి భాషలు పైకి గదులు చూపిస్తూ లోపల వాటిని వాక్యంగా కుట్టి ఇస్తున్నాయి. బ్యాచ్ ఫైళ్ళ విషయంలో ఆ కుట్టు ఊడిపోయింది. భద్రతకి పేరుపడ్డ రస్ట్ వాళ్ళే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు నా తోటి ప్రోగ్రామర్లు రోజూ చేస్తున్న పని చూస్తే నాకు 1979 గుర్తొస్తుంది. ఏఐ సహాయకుడికి లాప్‌టాప్‌లో షెల్ అప్పజెప్పి, ‘ఈ ఫైళ్ళు చదివి, ఏం చెయ్యాలో నువ్వే చూసుకో’ అంటున్నారు. అది ఫైలు చదువుతుంది, కమాండు రాస్తుంది, నడిపిస్తుంది. చదివిన ఫైల్లో ఎవరో ‘ఇవన్నీ చెరిపెయ్’ అని మామూలు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి ఉంటే? దానికి ఫైల్లో ఉన్న మాటా, నేను చెప్పిన మాటా ఒకే ప్రవాహంగా వెళ్తాయి. సైమన్ విల్లిసన్ 2022లో దీనికి ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరు పెట్టాడు. ఈసారి పట్టీ రాసుకోవడానికి నిలువు గీతలూ డాలర్లూ కూడా లేవు, భాషలో ఉన్న ప్రతి క్రియాపదమూ గుర్తే. కొటేషన్లు పెట్టి చూశారు, ‘దీని లోపలున్నది ఆజ్ఞ కాదు’ అని చెప్పి చూశారు, కొన్నిసార్లు వింటుంది, కొన్నిసార్లు వినదు. యూనిక్స్ వాళ్ళకి సిస్టం కంటే ముందు ఎగ్జెక్ ఉంది. వీళ్ళు సిస్టంతోనే మొదలుపెట్టారు, ఎగ్జెక్ ఇంకా రాలేదు.